ఒంగోలు ఎండలు చాలవా అన్నారు, అయినా కొత్తపట్నం సౌనాకి వెళ్ళొచ్చాం

మే నెలలో 44, 45 డిగ్రీలు చూసే ఒంగోలు వాళ్ళం, డబ్బులిచ్చి మరీ చెమట పట్టించుకోవడానికి చెక్కగదిలో కూర్చోవడమేంటని మా ఆఫీసులో ముగ్గురు అడిగారు, ఇంట్లో మా ఆయనా అదే అన్నారు. నిజానికి నాకూ ఆ సందేహమే ఉండేది. సంక్రాంతికి వచ్చిన మా తమ్ముడు ఆరేళ్ళుగా ఫిన్లాండ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు, వాడే "అక్కా, ఒక్కసారి రా, నచ్చకపోతే డబ్బులు నేనిస్తా" అని పట్టుబట్టి కొత్తపట్నం దగ్గర సముద్రం ఒడ్డున పెట్టిన ఈ సౌనాకి, అంటే కట్టెల పొయ్యితో వేడెక్కించే చెక్కగదికి, మమ్మల్ని తీసుకెళ్ళాడు. వెళ్ళొచ్చి పది రోజులైనా ఇంకా దాని గురించే మాట్లాడుతున్నా, అందుకే కూర్చుని రాసేస్తున్నా.

ముందే చెప్తున్నా, నాకు నచ్చింది. వేడిగది ఒక్కటే అయితే మళ్ళీ వెళ్ళేదాన్ని కాదు. తలుపు తీసుకుని ఇసకలో యాభై అడుగులు వేస్తే సముద్రం ఉంది చూడండి, దానికోసం వెళ్తా. ఆడవాళ్ళ బట్టలు మార్చుకునే గది విషయంలో మాత్రం నాకు చాలా కోపం వచ్చింది, అది కూడా దాచకుండా రాస్తా.

ఒంగోలు నుంచి ఇరవై కిలోమీటర్ల లోపే. పొద్దున ఆరు గంటలకి బుక్ చేసుకున్నాం, ఐదుంపావుకే బయల్దేరాం. బకింగ్‌హాం కాలువ దాటాక చీకట్లో రొయ్యల చెరువుల ఏరియేటర్ల చప్పుడు, ఆ తర్వాత సరుగుడు తోపులు (మా అమ్మది కావలి వైపు, ఆమె సవక తోపు అంటుంది). కారు తోపు దగ్గరే ఆపేయాలి, అక్కడి నుంచి ఇసకలో ఐదారు నిమిషాల నడక. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని తీసుకెళ్ళేవాళ్ళు ఈ నడక సంగతి గుర్తుపెట్టుకోండి, మా అమ్మ రెండుసార్లు ఆగింది.

సౌనా అంటే పెద్ద కట్టడం ఏమీ కాదు. చెక్కతో కట్టిన ఒక గది, లోపల మెట్లలాగా రెండు వరసల బల్లలు, మూలన ఇనప పొయ్యి, పొయ్యి నెత్తిన గుట్టగా రాళ్ళు, పైకప్పు దాటి పోయే పొగగొట్టం. సముద్రం వైపు గోడకి వెడల్పాటి అద్దం పెట్టారు. ఎనిమిది మంది పడతారు. మేం వెళ్ళినప్పుడు మేం ముగ్గురం, గుంటూరు నుంచి వచ్చిన ఒక జంట, అంతే. మన దగ్గర చాలామంది సానా అంటున్నారు కానీ ఫిన్లాండ్ వాళ్ళు పలికేది సౌనా అనేనట, మన "ఔ" అక్షరం దానికి సరిగ్గా సరిపోతుంది. ఆ దేశంలో జనం సుమారు 55 లక్షలు, సౌనాలు 30 లక్షల దాకా ఉంటాయి. ఇళ్ళలో, అపార్ట్‌మెంట్లలో, ఆఫీసుల్లో, ఆఖరికి వాళ్ళ పార్లమెంటు భవనంలో కూడా ఉంది. 2020 డిసెంబరులో ఫిన్లాండ్ సౌనా సంస్కృతిని యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. మా తమ్ముడు మొదటి ఏడాది చలికాలం అక్కడ ఎలా గడుపుతాడో అని అమ్మ రోజూ బెంగపడేది, వాడేమో వారానికి రెండుసార్లు వీటిలోనే కూర్చునేవాడట, ఫోన్‌లో మాకు ఎప్పుడూ చెప్పలేదు.

లోపలికి పంపేముందు అక్కడి అబ్బాయి నాలుగు ప్రశ్నలు అడిగాడు. బీపీ ఉందా, గుండె జబ్బు ఏమైనా ఉందా, కడుపుతో ఉన్నారా, రాత్రి గానీ పొద్దున గానీ మందు తాగారా. అమ్మకి బీపీ మాత్రలు ఉన్నాయని చెప్పగానే "డాక్టరుగారిని అడిగి వస్తే తప్ప లోపలికి వద్దమ్మా, ఏమనుకోవద్దు" అని మర్యాదగానే ఆపేశాడు, ఆమె డబ్బులు అప్పటికప్పుడు వెనక్కి వేశాడు. ఇది నాకు బాగా నచ్చింది. ఇంత దూరం వచ్చారు కదా, పోనీలే కాసేపు కూర్చోండి అనేవాళ్ళే ఎక్కువ మన దగ్గర. అమ్మ మాత్రం అలిగి, కుర్చీ సముద్రం వైపు తిప్పుకుని కూర్చుంది. మందు తాగినవాళ్ళని ఎవరు బతిమాలినా పంపొద్దని వాళ్ళకి మళ్ళీ మళ్ళీ చెప్పి వచ్చా. ఆ వేడిలో రక్తనాళాలు సడలి బీపీ పడిపోతుంది, మందు కూడా అదే పని చేస్తుంది, ఆ పైన పక్కనే సముద్రం.

ఇప్పుడు నగల సంగతి. ఆడవాళ్ళు ఇది తప్పకుండా చదవండి, ఎందుకంటే మాకు ఎవరూ చెప్పలేదు. లోపల 80 డిగ్రీల దగ్గర ఉంటుంది, లోహం ఏదైనా ఆ వేడిని పట్టుకుని ఒంటికి అంటిస్తుంది. మా తమ్ముడు ఉంగరం, వాచీ తీసేశాడు, వాళ్ళకి అలవాటు. నేను గాజులు, చెవులవి తీసి హ్యాండ్‌బ్యాగులో వేశా గానీ మెడలో సూత్రాల గొలుసు తీయాలనిపించలేదు. ఐదు నిమిషాలకే మెడ చుట్టూ చురచురమంది. బయటికి వచ్చి తడిపిన తువ్వాలు మెడకి చుట్టుకుని, గొలుసుని దాని పైన వేసుకుంటే రెండోసారి ఏ ఇబ్బందీ లేదు. పసుపుతాడుతో వెళ్తే ఇంకా మంచిది. కళ్ళజోడు కూడా బయటే వదిలేయండి. బల్లలకి కొట్టిన మేకుల తలలు బయటికి కనిపించకుండా లోపలికి దించారు, ఇది బాగా ఆలోచించి చేసిన పని. ఒక్క మేకు తల పైకి ఉన్నా తొడ కాలుతుంది.

పొయ్యిలో పెట్టేది సరుగుడు కట్టె, అడుగున చిల్లకంప మొద్దులు. ఈ రెండూ మా వైపు కావలసినంత దొరికేవే. సరుగుడు బాగా మండుతుంది, వేడి గట్టిగా ఇస్తుంది, మా అమ్మమ్మ వాళ్ళింట్లో కాగు కింద పెట్టేది కూడా అదే. పొయ్యి వెలిగించి గంటన్నర, రెండు గంటలు కాలిస్తే గానీ రాళ్ళు లోపలిదాకా కాగవు, అంటే మా ఆరు గంటల బ్యాచ్ కోసం వాళ్ళు నాలుగింటికే లేచి ఉంటారు. కానీ ఆ పొద్దున కట్టెలకి రాత్రి మంచు పట్టినట్టుంది, మొదటి పది నిమిషాలు గదిలో పొగ వాసన, కళ్ళు మండాయి. తమ్ముడు వెంటనే అందరినీ బయటికి తీసుకొచ్చేసి తలుపు బార్లా తీయించాడు, పొగగొట్టంలో ఉండే మూత పూర్తిగా తెరిచారో లేదో చూడమని అడిగాడు. సగమే తెరిచి ఉంది. తలుపులు మూసిన గదిలో కట్టె సరిగ్గా మండకపోతే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, రంగు ఉండదు, తల తిరుగుతోందంటే వేడికే అనుకుంటాం. మాతో తెలిసినవాడు ఉన్నాడు కాబట్టి సరిపోయింది. కట్టెలు టార్పాలిన్ పట్టా కింద కాకుండా ఒక రేకుల షెడ్డులో పెట్టుకోండి, గదిలో ఒక అలారం పెట్టండి, పెద్ద ఖర్చు కాదు. ఆ అబ్బాయి తప్పు ఒప్పుకుని మాకు ఇరవై నిమిషాలు ఎక్కువ ఇచ్చాడు.

పొగ పోయాక మళ్ళీ లోపలికి వెళ్ళాం. గోడకున్న థర్మామీటరు 78 చూపిస్తోంది.

ఇక్కడే నా సందేహానికి జవాబు దొరికింది. మన ఎండాకాలం ఉక్క ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. గాలిలో తేమ నిండి ఉంటుంది, చెమట ఆరదు, జాకెట్టు వీపుకి అంటుకుపోతుంది, కరెంటు పోతే ప్రాణం విసిగిపోతుంది. ఈ గదిలో వేడి దానికి రెట్టింపు దగ్గర ఉన్నా ఊపిరి ఆడుతుంది, ఎందుకంటే గాలి పొడిగా ఉంటుంది, పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతూ ఉంటుంది. మొదటి మూడు నిమిషాలు ముక్కు లోపల మండినట్టు ఉంది, తర్వాత అలవాటైంది. పైబల్లకీ కిందిబల్లకీ తేడా చాలా ఉంది, వేడి పైకే పోతుంది కదా. కొత్తవాళ్ళు కింద కూర్చోండి. అనుభవం ఉన్న మా తమ్ముడికి మాత్రం ఇక్కడ ఒక లోపం కనిపించింది. పైబల్ల మీద కూర్చున్నప్పుడు పాదాలు కూడా రాళ్ళ మట్టానికి పైన ఉండాలట, అప్పుడే ఒళ్ళంతా ఒకే వేడి తగులుతుంది. ఇక్కడ బల్లలు తక్కువ ఎత్తులో కట్టడం వల్ల తల ఉడుకుతుంటే కాళ్ళు చల్లగా ఉన్నాయి. నాకు వాడు చెప్పేదాకా తెలియలేదు, చెప్పాక మాత్రం తెలుస్తూనే ఉంది.

తర్వాత నీళ్ళు. చెక్క బొక్కెనలోంచి పొడుగు కాడ గరిటెతో తమ్ముడు ఒక్క గరిటె నీళ్ళు రాళ్ళ మీద పోశాడు. ఉస్సుమని ఒక్క చప్పుడు, ఏమీ కనిపించదు, రెండు క్షణాలకి నెత్తి మీద నుంచి భుజాల మీదకి వేడి దుప్పటి కప్పినట్టు దిగింది. మా ఆయన "అబ్బా" అని వంగిపోయారు. థర్మామీటరు ఒక్క డిగ్రీ కూడా కదల్లేదు. అంతకుముందు దాకా పొడిగాలి, ఇప్పుడు ఆవిరి వచ్చి మన చర్మం మీద నీరుగా మారుతోంది, అలా మారేటప్పుడు తనలో ఉన్న వేడంతా మనకి ఇచ్చేస్తుంది. ఇడ్లీ పాత్ర మూత తీసేటప్పుడు చెయ్యి చుర్రుమనేది కూడా దీనివల్లే. ఈ ఆవిరికి ఫిన్లాండ్ వాళ్ళకి ప్రత్యేకంగా ఒక మాట ఉంది, లోయ్లు అంటారు, ఆ మాటకి పాతకాలంలో ప్రాణం, ఊపిరి అనే అర్థం ఉండేదట. వాడు ఆ మాట చెప్పినప్పుడు నేను కళ్ళు మూసుకుని ఉన్నా. ముక్కు, గొంతు, ఛాతీ అన్నీ తెరుచుకున్నట్టు ఉంది. జలుబు చేసినప్పుడు దుప్పటి ముసుగేసి పసుపునీళ్ళ ఆవిరి పట్టించేది అమ్మ, అది ముఖానికి మాత్రమే తగిలేది, ఇది ఒళ్ళంతా.

పది నిమిషాలకి చాలనిపించింది. గుండె గబగబా మెట్లెక్కినట్టు కొట్టుకుంటోంది. గోడకి ఇసక గడియారం ఉంది కానీ దాన్ని చూస్తూ పట్టుదలకి కూర్చోవద్దు. ఫిన్లాండ్‌లోనే ఎవరు ఎక్కువసేపు వేడికి ఆగుతారో చూసే ప్రపంచ పోటీలు 1999 నుంచి జరిగేవి, 2010లో ఫైనల్‌లో 110 డిగ్రీల వేడికి ఒక పోటీదారు చనిపోయాడు, దాంతో ఆ పోటీలే ఆగిపోయాయి. మాతో ఉన్న గుంటూరు కుర్రాడు భార్య ముందు పంతానికి కూర్చోబోతే మా తమ్ముడు ఈ సంగతి చెప్పి లేపుకొచ్చాడు. లేచేటప్పుడు ఒక్కసారిగా లేవకండి, ఒక నిమిషం కిందిబల్ల మీద కూర్చుని అప్పుడు లేవండి, లేకపోతే కళ్ళు తిరుగుతాయి.

తలుపు తీశాం. జనవరి పొద్దున, తూర్పున ఎర్రబడుతోంది, ఇంకా సూర్యుడు రాలేదు. ఒంటి మీద నుంచి ఆవిర్లు లేస్తున్నాయి, నా చేతుల మీద నుంచి పొగలా లేస్తుంటే చూసి ఆగిపోయా. చల్లటి ఇసక కాలికి తగిలింది, తర్వాత తడి ఇసక, తర్వాత నురగ. మొదటి అల మోకాళ్ళకి తగిలినప్పుడు కెవ్వుమన్నా, రెండోది నడుముకి వచ్చింది, మూడోదానికి నేనే కూర్చుండిపోయా. మెడ దాకా నీళ్ళు. ఎలా చెప్పాలి. ఒంట్లో ఉన్న వేడి ఎక్కడికీ పోలేదు, లోపల నిప్పుకణికలాగా ఉంది, పైన మాత్రం చల్లదనం పాకుతోంది, రెండూ ఒకేసారి తెలుస్తున్నాయి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి కార్తీక పౌర్ణమికి ఇదే కొత్తపట్నంలో మునుగుతున్నా, ఇదే సముద్రం, ఒక్కసారి కూడా నీళ్ళు ఇలా తగల్లేదు. సూర్యుడు అప్పుడే నీళ్ళలోంచి లేచాడు. పక్కన మా ఆయన కూడా మాట్లాడకుండా కూర్చున్నారు, పెళ్ళైన పంతొమ్మిదేళ్ళలో ఆయన ఫోన్ లేకుండా ఇంతసేపు నా పక్కన కూర్చోవడం అరుదు.

ఫిన్లాండ్‌లో హెల్సింకి ఒడ్డున 2016లో తెరిచిన లోయ్లు అనే పేరున్న సౌనాకి మా తమ్ముడు తరచూ వెళ్తాడు, అక్కడా కట్టెల పొయ్యే, అక్కడా సముద్రమే. కానీ చలికాలం ఆ నీళ్ళు గడ్డకట్టే దగ్గర ఉంటాయి, దిగితే చాలామంది ఎక్కువసేపు ఉండలేరు. మన నీళ్ళు జనవరిలో కూడా 26 డిగ్రీల చుట్టూ ఉంటాయి. అంత షాక్ ఇక్కడ రాదు, ఆ షాక్ కోసం వెళ్ళేవాళ్ళకి నిరాశే. నాకైతే ఇదే మేలనిపించింది, పదిహేను నిమిషాలు హాయిగా నీళ్ళలో కూర్చోగలిగాం. పైగా నీళ్ళలోంచి లేచాక పొద్దుటి గాలి తగిలి వణుకు వచ్చింది, మళ్ళీ వేడిగదిలోకి పరిగెత్తాలనిపించింది, రెండో విడత అలా మొదలైంది. వాడిని అడిగా, ఏది బాగుందిరా అని. "అక్కడ నీళ్ళలోంచి ఎప్పుడు బయటపడదామా అని ఉంటుందక్కా, ఇక్కడ అసలు రాబుద్ధి కావట్లేదు" అన్నాడు.

అయితే మన సముద్రం నెమ్మదైంది కాదు. ప్రతి ఏడూ సెలవుల్లో ఎక్కడో ఒకచోట పిల్లలు కొట్టుకుపోయారన్న వార్త చదువుతూనే ఉంటాం. వీళ్ళు రెండు వరసలుగా గుంజలు పాతి మధ్య లావుపాటి తాడు కట్టారు, నడుము లోతు దగ్గర ఆ తాడు ఆగిపోతుంది. దాని పక్కనే టైరు ట్యూబు పట్టుకుని ఒక పెద్దాయన నిలబడి ఉంటాడు, అక్కడి పల్లెపాలెంలో వేటకి వెళ్ళే మనిషే, ఈ మధ్య వేట మానేశాడట. గుంటూరు కుర్రాడు కొంచెం లోపలికి జరగగానే "అయ్యా, తాడు దాటి పోమాకయ్యా, ఆడ లాగుడుంది" అని గట్టిగా కేకేశాడు. ఎక్కడ అల విరగకుండా నీళ్ళు ప్రశాంతంగా కనిపిస్తాయో అక్కడే లోపలికి లాగే ప్రవాహం ఉంటుందని, అది నున్నగా ఉందని మోసపోయి చాలామంది అటే దిగుతారని నాకు వేలుపెట్టి చూపించాడు. అందులో పడితే ఒడ్డుకి ఎదురీదకుండా ఒడ్డు పక్కనే అడ్డంగా ఈదాలట. వేడిలో కూర్చుని వచ్చినవాళ్ళకి కాళ్ళలో పట్టు తక్కువ ఉంటుంది, మామూలుగా దిగేవాళ్ళకంటే జాగ్రత్త ఎక్కువ కావాలి. ఆ పెద్దాయన లేని రోజు సముద్రంలోకి ఎవరినీ పంపబోమని, పోటు ఎక్కువ ఉన్న అమావాస్య, పౌర్ణమి రోజుల్లో, తుపాను హెచ్చరికలు ఉన్నప్పుడు బొక్కెన నీళ్ళే ఇస్తామని చెప్పారు. నేను ఇచ్చే మార్కుల్లో సగం ఈ తాడుకీ ఆ మనిషికీ.

మూడో విడతలో ఆకులు తెచ్చారు. ఫిన్లాండ్‌లో భూర్జ చెట్టు (ఇంగ్లీషులో బర్చ్) లేత కొమ్మల్ని కట్టగా కట్టి, తడిపి, ఒంటి మీద తట్టుకుంటారు. ఇక్కడ ఆ చెట్టు ఎక్కడిది, వేప మండలూ వావిలాకూ కలిపి కట్టారు. కట్టని వేడినీళ్ళలో ముంచి భుజాల మీద, వీపు మీద తట్టగానే గదంతా వావిలాకు వాసన నిండిపోయింది. నాకు ఒక్కసారిగా మా పెద్దబాబు పుట్టినప్పటి రోజులు గుర్తొచ్చాయి, అమ్మ కాగులో వావిలాకు వేసి మరిగించి ఆ నీళ్ళు నడుము మీద పోసేది, తర్వాత సాంబ్రాణి పొగ. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, చెమటలో ఎవరికీ తెలియలేదు. బయటికి వచ్చి అమ్మకి చెప్తే ఆమె అలక పోయింది, "మరి నేను పోసినప్పుడు మంట అని ఏడ్చావు కదే" అంది.

ఇలాంటి పద్ధతి మనకి పూర్తిగా కొత్త కాదని మా బంధువుల్లో ఒక ఆయుర్వేదం డాక్టరుగారు చెప్పాక తెలిసింది. చరక సంహిత సూత్రస్థానం 14వ అధ్యాయంలో నిప్పు వాడి చెమట పట్టించే పద్ధతులు 13 చెప్పారు, వాటిలో జేంతాక స్వేదం అనేది ఒకటి. చెరువు లాంటి నీటి వనరు ఒడ్డున, నీళ్ళకి కొన్ని మూరల దూరంలో గుండ్రటి ఇల్లు కట్టాలి, గోడ వెంబడి అరుగు ఉండాలి, మధ్యలో మూత ఉన్న మట్టి పొయ్యి, అందులో చండ్ర కట్టె కాల్చి, పొగ పూర్తిగా పోయాక ఒంటికి నూనె రాసుకుని లోపలికి వెళ్ళాలి. పొగ పోయాకే వెళ్ళమన్న మాట విని మాకు మొదటి పది నిమిషాలు గుర్తొచ్చాయి. ఒక్క విషయంలో మాత్రం ఫిన్లాండ్ పద్ధతికి ఎదురు. బయటికి రాగానే చన్నీళ్ళు తాకవద్దని, కళ్ళకి మంచిది కాదని, కాసేపు ఆగి అలసట తీరాక గోరువెచ్చటి నీళ్ళు పోసుకోమని ఉంది. మా అమ్మ ఇప్పుడు ఆ మాట పట్టుకుంది. నేను తర్వాతి రెండు విడతల్లోనూ బయట ఒక రెండు నిమిషాలు కూర్చుని, ముఖం తుడుచుకుని, మెల్లగా నడుచుకుంటూ దిగా, నాకు అదే సుఖంగా అనిపించింది.

ఇప్పుడు కోపం వచ్చిన విషయాలు. ఆడవాళ్ళ గది అని చెప్పి నాలుగు కర్రలకి నీలం పట్టా చుట్టారు. తలుపుకి గడియ లేదు. గాలి వస్తే పట్టా అంచు లేస్తోంది. తడిబట్టలతో నిలబడి ఒక చేత్తో పట్టా పట్టుకుని ఇంకో చేత్తో బట్టలు మార్చుకున్నా, గుంటూరు అమ్మాయికి నేను, నాకు ఆ అమ్మాయి కాపలా. మనిషికి 700 రూపాయలు తీసుకునే చోట ఒక గట్టి తలుపు, ఒక గడియ, ఒక మేకు మీద బట్టలు తగిలించుకునే వీలు అడగడం ఎక్కువా? ఇంకొకటి. సముద్రంలోంచి మేం వస్తుంటే ఇంకో కుర్రాడు ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు, ప్రచారానికట. నన్ను అడగలేదు. నేను పొడుగు చేతుల చుడీదారులోనే ఉన్నా, అయినా తడిసిన బట్టల్లో ఉన్న మనిషిని అడక్కుండా తీయడం తప్పు. నిలదీస్తే వెంటనే తీసేశాడు, ఫోన్ నా చేతికిచ్చి చూసుకోమన్నాడు కూడా. అక్కడే పెద్ద అక్షరాలతో వీడియోలు తీయకూడదని బోర్డు పెట్టాలి, అది కస్టమర్లకీ వర్తించాలి. వారంలో ఒక పొద్దున ఆడవాళ్ళకి మాత్రమే కేటాయిస్తే మా ఆఫీసు నుంచే ఆరుగురు వస్తారు, ఈ మాట కూడా వాళ్ళకి చెప్పా.

నీళ్ళ ఇబ్బంది కూడా ఉంది. అక్కడి బోరు నీళ్ళు ఉప్పగా ఉన్నాయి. స్నానానికి మంచినీళ్ళు డ్రమ్ముతో తెచ్చిపెడుతున్నారు, ముగ్గురు పోసుకునేసరికి అయిపోయాయి, మా ఆయన ఒంటికి ఉప్పు పట్టుకునే ఒంగోలు దాకా వచ్చారు. రాళ్ళ మీద పోసే బొక్కెనలోనూ ఆ బోరు నీళ్ళే, నాలుక మీద వేసుకుని చూస్తే తెలిసింది. ఉప్పునీళ్ళకి ఇనప పొయ్యి తొందరగా తుప్పుపడుతుంది, రాళ్ళ మీద తెల్లటి పొర కడుతుంది, కొన్ని రాళ్ళ మీద అప్పుడే కట్టింది కూడా.

ఇక అక్కడ పెట్టిన బోర్డు. బరువు తగ్గుతుంది, ఒంట్లో విషాలన్నీ పోతాయి అని రాశారు. అది తీసేయండి. ఒక పూటకి దాదాపు అర లీటరు చెమట పోతుంది, తూకంలో తగ్గేది ఆ నీరే, మజ్జిగ తాగగానే మళ్ళీ వచ్చేస్తుంది. విషాలు తీసే పని కాలేయానిది, మూత్రపిండాలది. నిజంగా చెప్పుకోవడానికి మంచి సంగతే ఉంది. 2015లో ఒక అమెరికా వైద్య పత్రికలో వచ్చిన పరిశోధనలో తూర్పు ఫిన్లాండ్‌లో 2,315 మంది నడివయసు మగవాళ్ళని సుమారు 20 ఏళ్ళు గమనించారు, వారానికి నాలుగు నుంచి ఏడు సార్లు సౌనాకి వెళ్ళేవాళ్ళలో ఒక్కసారి వెళ్ళేవాళ్ళకంటే గుండె ఆగి హఠాత్తుగా చనిపోవడం తక్కువగా కనిపించింది. అందరూ మగవాళ్ళే, చిన్నప్పటి నుంచి అలవాటున్న దేశం వాళ్ళు, సౌనా ఒక్కదానివల్లే అని అందులో తేలలేదు. అంతవరకే చెప్పండి, చాలు. నాకు మాత్రం ఆ రాత్రి పట్టిన నిద్ర చాలా కాలం తర్వాత పట్టిన నిద్ర, తొమ్మిదింటికి పడుకుంటే పొద్దున ఆరింటికే మెలకువ వచ్చింది.

అయిపోయాక మజ్జిగ ఇచ్చారు, ఉప్పు, అల్లం, కరివేపాకు వేసి, పెద్ద గ్లాసు, అడిగితే రెండోది కూడా. తర్వాత రాగి అంబలి, పచ్చి ఉల్లిపాయ. ఇంతకంటే సరైనది ఇంకేమీ ఇవ్వలేరు. పొద్దున ఏమీ తినకుండా వెళ్ళొద్దు, కడుపు నిండా తిని కూడా వెళ్ళొద్దు, ఒక అరటిపండు తిని వెళ్ళండి చాలు. తిరిగొచ్చేటప్పుడు ఒడ్డున పడవలు దిగుతుంటే నెత్తళ్ళు, ఒక మోస్తరు వంజరం కొన్నాం, మధ్యాహ్నం అమ్మ మామిడికాయ ఒరుగులు వేసి పులుసు పెట్టింది, ఎంత ఆకలి వేసిందో ఆ రోజు.

ఎప్పుడు వెళ్ళాలంటే, నా లెక్కలో డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా, అదీ తెల్లవారుజామునే. మార్చి దాటితే ఆ నడకకే ప్రాణం పోతుంది, సముద్రం కూడా వెచ్చబడిపోతుంది. జనవరి, ఫిబ్రవరి నెలల్లో మన తీరంలో తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకి వస్తాయి, చీకట్లో ఇసకలో టార్చిలైట్లు అటూ ఇటూ కొట్టకండి, కుక్కలు వాటి వెంటబడితే అదిలించండి. తెచ్చుకోవాల్సినవి రెండు తువ్వాళ్ళు, రబ్బరు చెప్పులు, పొడి బట్టలు, ఒక క్యాను మంచినీళ్ళు మీ సొంతం. నైలాన్ బట్టలు వద్దు, వేడికి ఒంటికి అంటుకుంటాయి, నూలువే వేసుకోండి.

ఐదుకి మూడున్నర ఇస్తున్నా. గడియ పెట్టి, మంచినీళ్ళు సరిపడా ఉంచి, పొగగొట్టం మూత సంగతి సరిచేస్తే నాలుగున్నర నేనే మార్చి రాస్తా. వచ్చే నెల రెండో శనివారానికి మళ్ళీ బుక్ చేశా, తమ్ముడు అప్పటికి వెళ్ళిపోతాడు, ఈసారి మా ఆయన తనే అడిగారు. అమ్మ కూడా డాక్టరుగారి దగ్గరికి వెళ్ళి అడిగొచ్చింది. కిందిబల్ల మీద ఐదు నిమిషాలు, ఆవిరి పోయకుండా, పక్కన మనిషి ఉంటేనే అని చెప్పారట, వావిలాకు మన ఇంటి చెట్టుదే పట్టుకెళ్దామంటోంది.